పాత పికప్పు బండి: మనవారి అనుభవములు
(బరంపురమున మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



నేటి విషయము పాత పికప్పు బండి యని కార్యదర్శిగారు ప్రకటింపగానే వెనుక వరుసలో కొందరు నవ్విరి. నవ్వదగినది కాదు. పెద్దబజారులో సరుకు దింపు బండ్లను చూడుడు. వానిలో ఎన్నో రెండవచేతికి, మూడవచేతికి వచ్చినవే. క్రొత్త బండికి నెలవాయిదాలు కట్టలేని చిన్న వర్తకునకు పాత బొలేరో పికప్పో, 1986లో మార్కెట్టులోనికి వచ్చిన టాటా 407 తరగతి బండియో గతి. అవి మనవారికి పెక్కుసార్లు ఇచ్ఛాపురము, సోంపేట, పలాసల వైపు నుండి వచ్చుచుండును. 1936లో ఒడిశా రాష్ట్రమేర్పడి నడుమ సరిహద్దు వచ్చినది గాని, మన వియ్యములును బేరములును ఆ గీతను లెక్కచేయలేదు. అమ్మువాడు మేనమామ కొడుకో, వియ్యంకుని పొరుగువాడో అగును. “మనవాడే గదా” యను మాటతో బేరము ముగియును. చిక్కంతయు ఆ మాటలోనే యున్నది.

ముందుగా బండి సంగతి. మా అంగడికి ఇంతవరకు మూడు పాత బండ్లు వచ్చినవి. మిత్రుల బండ్ల కష్టసుఖములును వినుచునే యున్నాము. రంగును, సీటు గుడ్డను చూచి మురియువారు మోసపోవుదురు. బండి క్రిందకు దూరి చూడవలెను. వెనుక కమాను కట్టలో అదనపు పట్టీ వేసియున్నచో, ఆ బండి తన శక్తికి మించిన బరువు మోసినదని అనుమానింపవలెను. అప్పుడు ఛాసీకి వెల్డింగు అతుకులున్నవేమో వెదకవలెను. ఛాసీకి మాత్రమే క్రొత్తగా నల్లరంగు పూసియున్నచో అనుమానము హెచ్చవలెను. ఉప్పు, చేపలు మోసిన బండ్లకు తొట్టి అడుగున తుప్పు పట్టును. సముద్రతీరపు ఊళ్లలో ఇది మరింత గమనింపదగినది. మీటరు కొద్ది కిలోమీటర్లే చూపుచు, క్లచ్చి పెడలు రబ్బరు అద్దమువలె నున్నగా అరిగియున్నచో, రబ్బరునే నమ్ముడు.

ఇంజనును చల్లగా నున్నప్పుడే స్టార్టు చేయింపవలెను. మీరు పోవుసరికే వేడిచేసి యుంచినచో, రేపు ఉదయము వత్తుమని చెప్పి తిరిగి రండు. ఇంజను నడుచుచుండగా ఆయిలు పోయు మూత తీసినప్పుడు పొగ బుసబుస తన్నినచో పిస్టను రింగులు అరిగియుండవచ్చును. ఆ మరమ్మతు, బేరములో తగ్గించుకొన్న సొమ్మునంతయు మ్రింగివేయును. 2020 ఏప్రిల్ తరువాతి భారత్ స్టేజి-6 డీజిలు బండ్లలో పెక్కింటికి పొగమసిని పట్టు వడపోత గలదు. ఊరిలోనే నాలుగు వీధులు తిరుగు బండిలో ఆ మసి కాలుటకు చాలినంత వేడి పుట్టదు; వడపోత పూడుకొనును. ఆస్కా, ఛత్రపురము దాక సరుకు తోలువారికి ఈ బాధ అంతగా నుండదు.

ఇక కాగితములు. మన సభ్యులలో ఒకరు తమ పికప్పును బంధువునకు అమ్మిరి. ఫారములపై సంతకములు చేసి చేతికిచ్చిరి. కొన్నవాడు వానిని పెట్టెలో పెట్టుకొనెను. పేరు మారలేదు. ఇన్సూరెన్సు గడువు దాటినను కట్టలేదు. బండి మరియొకరి చేతికి పోయి, ప్రమాదము చేసెను. నష్టపరిహారపు నోటీసు మన సభ్యుని గుమ్మమునకు వచ్చినది. బండి తనది కాదని ఆయన మొరపెట్టుకొనుచున్నారు. కాని బండి ఎన్ని చేతులు మారినను, రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పియున్నది. కుమార్తె పెండ్లికి కూడబెట్టిన సొమ్ము వకీళ్లకు పోవుచున్నది. అమ్మినవాడును కొన్నవాడును నేడు ఒక శుభకార్యమున ఎదురుపడినను మాటలాడుట లేదు.

కావున అమ్మువారు ఫారము 29, కొనువారు ఫారము 30 తామే దాఖలు చేసి రసీదు తీసికొనవలెను. రాష్ట్రము దాటు బండికి ఫారము 28 క్రింద అచ్చటి కార్యాలయపు నిరభ్యంతర పత్రము కావలెను. అప్పుపై కొన్న బండియైనచో ఫారము 35తో ఆ పద్దు కొట్టివేయింపవలెను. ఆంధ్ర నంబరుతో ఒడిశాలో పండ్రెండు నెలలకు మించి బండిని ఉంచుకొనువారు ఇచ్చటి నంబరు తీసికొనవలెను. మొత్తము బరువు 3,000 కిలోలకు మించని సరుకు బండికి పర్మిట్టు అక్కరలేదు, మించినదానికి కావలెను. బండ్లు చూచుటకు ఒకే తీరున నున్నను ఆర్సీలో అంకె వేరుగా నుండును. ఎనిమిదేండ్లు దాటిన బండికి ఏటేట ఫిట్‌నెస్ చేయింపవలెను; ఆ ఖర్చును ధరలో కలుపుకొని చూడుడు.

మేనమామ కొడుకును రసీదు అడుగుట మర్యాద కాదని కొందరు పెద్దలందురు. మేము మా తమ్మునికి బండి అమ్మినప్పుడు అడిగితిమి. వాడు రెండు దినములు అలిగెను. మూడవ దినమున కార్యాలయమునకు వచ్చి సంతకము చేసెను.

ఒడియాలోగాని ఇంగ్లీషులోగాని ఫారములు నింపుకొనలేనివారు ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమునకు రావచ్చును. బండిని కూడ తోలుకొని రండు. మా గుమాస్తా క్రిందకు దూరి చూచును; వానికి కాఫీ మాత్రము ఇప్పింపవలెను.