స్టార్టప్‌లన్నీ రాజధానిలోనేనా?

(రైతు సదస్సులో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించీ, పంట బీమా గురించీ మాట్లాడాల్సిన వేదిక మీద స్టార్టప్‌ల ఊసు ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. స్టార్టప్ అంటే కొత్త ఆలోచనతో, కొత్త సాంకేతికతతో మొదలయ్యే చిన్న కంపెనీ. అది ఎక్కడ పుడుతుందనే దాన్ని బట్టి మూడు సంగతులు తేలతాయి. ఎవరి భూమి పోతుంది? ఎవరి పిల్లలు ఊరు విడిచి పోతారు? ఎవరి సమస్యకు పరిష్కారం దొరుకుతుంది? ఈ మూడూ మన సంగతులే.

ముందు అవతలివాళ్ల వాదన న్యాయంగా విందాం. కంపెనీలన్నీ ఒకచోట ఉంటే పెట్టుబడి పెట్టేవాళ్లు అక్కడికే వస్తారు. ఒక కంపెనీ మూతపడినా అందులో పనిచేసే కుర్రాడికి పక్క వీధిలో ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. ఒకరికి తెలిసిన పని ఇంకొకరు నేర్చుకుంటారు. హైదరాబాద్ అలాగే పెరిగింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. 2015లో ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో టీ-హబ్ మొదలైంది. 2022లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారింది. ఈ వాదనలో నిజం ఉంది, కాదనం.

దాని రెండో ముఖం కూడా మనం చూశాం. ఉమ్మడి రాష్ట్రంలో అన్నీ ఒకేచోట పోగుచేశారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు 13 జిల్లాల చేతిలో ఏం మిగిలిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ అదే ఏడాది ఆగస్టులో నివేదిక ఇచ్చింది. అభివృద్ధినంతా ఒక్కచోటే కేంద్రీకరించవద్దని, విజయవాడ-గుంటూరు మధ్య మంచి పంట భూముల మీద భారం వేయవద్దని ఆ నివేదిక హెచ్చరించింది. అటు తెలంగాణ ప్రభుత్వం కూడా తర్వాత కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, మహబూబ్‌నగర్‌లలో ఐటీ టవర్లు కట్టింది. అన్నీ హైదరాబాద్‌లోనే ఉంటే చాలదని వాళ్లకీ తెలిసింది.

మరి రైతుకు పనికొచ్చిన ఆవిష్కరణలు ఎక్కడ పుట్టాయి? మన చేలో వేసే విత్తనం పేరే చూడండి. స్వర్ణ అని పిలిచే వరి అసలు పేరు ఎంటీయూ 7029. ఎంటీయూ అంటే మార్టేరు. సాంబ మసూరి బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్ల. ఎన్‌ఎల్‌ఆర్ అంటే నెల్లూరు. ఎల్‌బీజీ మినుములో మొదటి అక్షరం గుంటూరు పక్కనున్న లాం ఫారానిది. కదిరి వేరుశనగకు ఊరి పేరే పేరు. ఇవి పుట్టినప్పుడు ఈ ఊళ్లేవీ రాజధానులు కావు. స్వర్ణ ఒడిశా, బెంగాల్ దాకా వెళ్లి లక్షల ఎకరాల్లో పండుతోంది. పరిశోధన చేసేవాళ్ల గడప దాటితే పొలం ఉంది. దోమపోటు వచ్చినా, గింజ రాలినా వాళ్ల కళ్ల ముందే.

కంప్యూటర్ల కాలంలో అది చెల్లదంటారా? ఎరువాక టెక్నాలజీస్ సంగతి చూడండి. 2012లో విజయవాడలో మొదలైంది. అప్పటికి విజయవాడ రాజధాని ప్రాంతం కాదు. రొయ్యల చెరువు పెట్టినవాళ్లకు తెలుసు, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే పంటంతా చేజారిపోతుంది. పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతుంది. ఆ కుర్రాళ్లు నీటిలో ఆక్సిజన్ కొలిచి ఫోన్‌కు కబురు పంపే పరికరం, రొయ్య తినేదాన్ని బట్టి మేత చల్లే యంత్రం తయారుచేశారు. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువులు దగ్గర్లో ఉండబట్టి కుదిరింది. నెదర్లాండ్స్‌కు చెందిన న్యూట్రెకో సంస్థ అందులో పెట్టుబడి పెట్టింది. అంటే సరుకు మంచిదైతే పెట్టుబడి వెతుక్కుంటూ వస్తుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. దాచకుండా మాట్లాడుకుందాం. 2015లో 29 గ్రామాల రైతులు దాదాపు 34 వేల ఎకరాలు రాజధానికి సమీకరణలో ఇచ్చారు. మెట్ట ఎకరాకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. జరీబు ఎకరాకు 1,000 గజాలు, 450 గజాలు. ఆ స్థలాలకు విలువ రావాలంటే అక్కడ ఉద్యోగాలు రావాలి. 2019లో మూడు రాజధానులన్నాక ఆ రైతులు ఏళ్ల తరబడి రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. కంపెనీలు మా దగ్గరికి రావాలని అమరావతి రైతు అడిగితే అది అత్యాశ కాదు. మా పిల్లలు ఎన్నాళ్లు బెంగళూరు బస్సెక్కాలని అనంతపురం రైతు అడిగితే అది అసూయ కాదు. ఈ ఇద్దరికీ తగువు పెట్టి చలి కాచుకునేవాళ్ల మాట మనం వినకూడదు.

అమరావతి రైతుకు ఇచ్చిన మాట ప్రభుత్వ హామీ. రోడ్లు, డ్రైన్లు వేసిన ప్లాట్లు, సకాలంలో కౌలు, సచివాలయం, కోర్టులు, విద్యాసంస్థలు అన్నీ నెరవేర్చి తీరాలి. చిరునామా ఎక్కడున్నా పని జరిగిపోయే కంపెనీలు అక్కడికి వస్తే సంతోషం. పంట మీద, పశువు మీద, చెరువు మీద పనిచేసే స్టార్టప్‌ను కూడా తెచ్చి రాజధానిలో కట్టేస్తే మాత్రం అది రైతుకూ దక్కదు, నిలబడనూ నిలబడదు. ఇంకో మాట. స్టార్టప్‌కు కావలసింది నాలుగు గదులు, కరెంటు, ఇంటర్నెట్. దాని పేరు చెప్పి ఎవరైనా వందల ఎకరాలు అడిగితే అది భూమి వ్యాపారం.

2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు. విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురాలకు శాఖలు ఇచ్చారు. ఈ పద్ధతి మంచిదే. కానీ డబ్బు మంజూరుచేసే అధికారం శాఖకు ఉండాలి. ప్రతి ఫైలూ మంగళగిరికి రావాలంటే అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టే అవుతుంది.

అందుకే మన సంఘం నాలుగు డిమాండ్లు పెడుతోంది.

1. వ్యవసాయ స్టార్టప్‌లకు చోటు వ్యవసాయ పరిశోధన స్థానాల్లో, మార్కెట్ యార్డుల్లో ఖాళీగా ఉన్న భవనాల్లో ఇవ్వాలి. మిర్చి కోసమైతే గుంటూరు యార్డు, టమాటా కోసమైతే మదనపల్లె.

2. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ప్రతి వ్యవసాయ స్టార్టప్ తన సరుకును కనీసం ఒక పంటకాలం రైతు పొలంలో పరీక్షించి చూపాలి. ఆ పరీక్షలో నష్టం వస్తే రైతు మీద పడకూడదు.

3. జిల్లా శాఖలకు సొంత నిధులు ఉండాలి. ఎంపిక కమిటీల్లో కౌలు రైతులు, మహిళా రైతులు సహా రైతు ప్రతినిధులుండాలి.

4. స్టార్టప్‌ల పేరుతో ఒక్క సెంటు పంట భూమి కూడా కొత్తగా తీసుకోకూడదు.

మన వంతు పని కూడా ఉంది. ఈ నెల గ్రామ కమిటీ సమావేశంలో మీ ఊరి పంటకు తీరని సమస్యలు మూడు రాయండి. నల్లతామర కావచ్చు, కూలీల కొరత కావచ్చు, యార్డులో తేమ కొలతలో మోసం కావచ్చు. జిల్లా కమిటీకి పంపండి. వాటిని తీసుకుని దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీకి, వ్యవసాయ కాలేజీకి మనమే వెళదాం. అక్కడ చదివేది మన పిల్లలే. ఊళ్లోనే చేయదగ్గ పని ఉందని ముందు వాళ్లకు చూపిద్దాం.