ఉల్లికాడ మన పళ్ళెంలోకే, పశువు గాడిలోకి కాదు

(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యులను ఉద్దేశించి సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము సంఘానికి వస్తే పాల రిజిస్టరు, వెన్న శాతం, బట్వాడా లెక్క చూస్తాము. ఈ రోజు వేరొక లెక్క అడగదలచాము. పితికిన పాలలో మీ ఇంటివారు తాగేదెంత? పళ్ళెంలో ఆకుకూర ఎంత?

తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు ఒక్క గదిలో బెరిబెరి వ్యాధిపై మొదలుపెట్టిన పరిశోధన అది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టారు. మన లాలాపేట డెయిరీకి అది ఇరుగుపొరుగే. 2024లో ఆ సంస్థ ఇచ్చిన సూచన ప్రకారం 2000 కేలరీల ఆహారం తినే మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 300 మిల్లీలీటర్ల పాలు కావాలి. రెండూ మన చేతిలో ఉన్నవే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలింది. పొద్దున్నే పాలు పితికే చేతులు వారివే గదా!

ఈమధ్య పట్నంలోని పెద్ద దుకాణాలలో లీక్స్ అని లావుపాటి కాడలు అమ్ముతున్నారు. 100 గ్రాములలో సుమారు 60 కేలరీలు, 12 మిల్లీగ్రాముల సి విటమిను, 2 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. కొత్త రక్తం పట్టడానికి కావలసిన ఫోలేటు, గాయమైతే నెత్తురు గడ్డకట్టించే కె విటమిను కూడా ఉన్నాయి. మంచిదే, కాని ఖరీదు. అదే కుటుంబానికి చెందిన మన ఉల్లికాడకు పెరటిలో రెండు సాళ్ళు, స్నానాల నీళ్ళు చాలు. పైగా కె విటమిను దీనిలోనే ఎక్కువ.

పచ్చని భాగం పారవేయకండి, ఎ విటమినుగా మారే పదార్థం ఉండేది దానిలోనే. దీని పీచు పేగులలోని మేలు చేసే క్రిములకు ఆహారం. ఉల్లి, వెల్లుల్లి చేర్చితే ధాన్యాలు, పప్పులలోని ఇనుము, జింకు ఒంటికి అందే వీలు పెరుగుతుందని మైసూరు ఆహార పరిశోధనాలయంవారు 2010లో ప్రయోగశాల పరీక్షలలో చూపారు. కనుక ఉల్లికాడల పప్పు, జొన్నరొట్టెలోకి ఉల్లికాడల కూర మన పెద్దలు కలిపిన మంచి జోడీ. దించే ముందు వేసి కొద్దిగా మగ్గనివ్వండి. భోజనం కాగానే టీ తాగకండి, అది ఇనుమును ఒంటబట్టనీయదు.

ఒక హెచ్చరిక. ఇది మందు కాదు. డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు మానరాదు. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు డాక్టరును అడిగి తినాలి.

ఇక పశువు సంగతి. ధర పడిపోయినప్పుడు కుళ్ళిన ఉల్లిగడ్డలు, కాడలు గాడిలో వేసేవారున్నారు. మనిషికి మేలు చేసే ఉల్లి పశువుకు ఎక్కువైతే విషం. దాని రక్తంలోని ఎర్రకణాలను పగులగొట్టుతుంది. మూత్రం ఎర్రగా లేక కాఫీ రంగులో పడినా, కనురెప్పల లోపల తెల్లబారినా, పశువు మేత మాని తూలినా ఉల్లి ఆపి వెంటనే పశువైద్యుని పిలవాలి.

ప్రాణాపాయం లేకున్నా పాలకు చేటు తప్పదు. పితికే ముందు ఉల్లి తిన్న పశువు పాలకు ఆ వాసన పట్టుతుంది, కాచినా పూర్తిగా పోదు. ఒక ఇంటి పాలు క్యానులో కలిస్తే అందరి పాలూ చెడుతాయి. నష్టం సంఘం మొత్తానిది. ఉల్లి కుప్పలు కొట్టంలో పోయవద్దు, ఉల్లి చేలోకి పశువును వదలవద్దు. పాలు పోసుకొనేవారు మూత తీయగానే వాసన చూడాలి, అనుమానమున్న పాలు వేరుగా ఉంచాలి. పొరుగువాడని మొగమాటపడితే పది ఇళ్ళ కష్టం పోతుంది.

చివరగా ఒక్క మనవి. రేపటినుండి క్యాను నింపేముందు ఇంటి గిన్నె నింపండి. పిల్లలకు, గర్భిణీలకు, పాలిచ్చే తల్లులకు అందులో వాటా ఉండాలి. డబ్బు వచ్చిందని పాలన్నీ పోసి, ఆ డబ్బు ఆస్పత్రిలో కట్టే ఇల్లు లాభంలో ఉన్నట్లు ఏ ఆడిటరూ ఒప్పుకోడు.

జై సహకార్.