పెంటకుప్పయు ఎరువు గుంతయు



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఏ పల్లెకు బోయినను ఇంటి వెనుకనో బాట ప్రక్కనో పెంటకుప్ప కానవచ్చును. తెల్లవారగనే ఇల్లాలు కొట్టమూడ్చి పేడ యెత్తి దానిపై వేయును. వాకిటి చెత్త, పొయ్యి బూడిద, బీడీలు చుట్టు ఇండ్లలో కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు అన్నియు అచ్చటికే చేరును. ఎండకు ఆ కుప్ప పిడకవలె ఎండును. వానకు దాని సారము నల్లని నీరై బాట వెంట పారిపోవును. మరుసటి వేసవిలో బండికెత్తి పొలమునకు తోలునది మిగిలిన పిప్పియే. అంగడిలో యూరియా బస్తాకు పైకమిచ్చు కాపు, ఇంటి నత్రజనిని కాలువపాలు చేయుచున్నాడు.

పశువు విడుచు నత్రజనిలో సుమారు సగము మూత్రమునందే యుండును. అయినను పేడను ఎత్తుదురే కాని మూత్రమును తలపెట్టరు. కొట్టమున జానెడు మందమున ఎండుమట్టి పరచి, మూడు నాలుగు నెలల కొకమారు దానిని త్రవ్వి ఎరువులో కలిపి, క్రొత్త మట్టి పరవవలయును. చెరువు పూడికమట్టి ఇందుకు మిగుల యోగ్యము. దీనికి శ్రమయే గాని ఖర్చు లేదు.

హోల్కరు సంస్థానపు ఇండోరులో ఆల్బర్టు హోవార్డు, యశ్వంతు వాడు చేసిన పరిశోధనలు 1931లో గ్రంథముగా వెలువడినవి. ఎండుచెత్త, పేడ, మూత్రపు మట్టి పొరలు పొరలుగా చేర్చి, తగిన తడిని, గాలిని అందించుటయే వారి పద్ధతి. మొండి కట్టెను వారు బాటపై పరపించి బండిచక్రములచే నలుగగొట్టించిరి. మన పత్తికట్టెకు నేడు ట్రాక్టరు చక్రములు చాలును.

రెండు మూడు పశువులున్న యింటికి పదియడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గల గుంతలు రెండు కావలయును. ఒకటి నిండుచుండగా రెండవది మాగుచుండును. బావికి, బోరుకు దూరముగా, మెరక నేలపై, వేపచెట్టు నీడన త్రవ్వుట మేలు. మక్క చొప్ప, వరిగడ్డి, పసుపు ఆకు జానెడు పొరగా వేసి పేడనీళ్ళు చల్లవలయును. తునికాకు దళసరిది, ముందుగా పేడనీళ్ళలో నానవేయనిచో త్వరగా కుళ్ళదు. బూడిద మితముగా వేయవలయును. పేడపై అధికముగా పడినచో నత్రజని ఆవిరియై పోవును. పదునైదు దినములకు, నెలకు, రెండు నెలలకు తిరుగవేసినచో మూడు నెలలకు ఎరువు పొడిపొడియై అడవిమట్టి వాసన వేయును. పిడికిట పిండిన నీరు కారినచో తడి ఎక్కువైనట్లు.

సగము మాగిన పేడను పసుపు చేనిలో వేయరాదు. వేరుపురుగు దానిలోనే వృద్ధియగును; గడ్డివిత్తులును అందుండియే మొలచును. పిదప మందులకు, కలుపుకూలికి పెట్టు ఖర్చు ఎరువు వలని లాభమును మ్రింగివేయును.

ఇక పెద్దల కాలమున లేని విపత్తు ప్లాస్టిక్కు. మిగిలిన అన్నమును సంచిలో ముడివేసి కుప్పపై విసరుదురు. మెతుకుల వాసనకు బర్రె సంచితో సహా మ్రింగును. అది పొట్టలో ఉండచుట్టుకొని మేతను అడ్డగించును. పాలు తగ్గును, కడుపుబ్బును, తుదకు ప్రాణమే పోవును. ఒక్క సంచి విలువయెంత, పాడిబర్రె విలువయెంత! సిరిసిల్లలో మరమగ్గముల చెత్తను గూడ ఏరి వేయవలయును. నూలుపోగు కుళ్ళును, పాలిస్టరు పోగు ఏండ్లు గడచినను కుళ్ళక నాగటికర్రుకు చుట్టుకొనును. ఇట్టివానిని తగులబెట్టక వేరుగా మూటగట్టి గ్రామపంచాయతీ ట్రాక్టరు వచ్చినప్పుడు ఈయవలయును.

వానకాలమున గుంతలో నీరు నిలుచును గనుక అప్పుడు నేలపైననే కుప్పవేసి గడ్డి కప్పవలయును. దీపావళి దాటి వానలు వెనుకబట్టిన పిదప గుంత త్రవ్వి నింపనారంభించినచో, ఎండలు ముదిరి బండ్లు కట్టునాటికి ఎరువు సిద్ధమగును.