అంకెలు మార్చిన లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఏం పని చేస్తున్నవ్‌రా?" అని పొద్దున మన లెక్కల సార్ అడిగారు. "భూమి లోపల పూడిపోయిన నదుల్ని వెతుకుతున్నాను సార్" అన్నాను. ఆయన నవ్వారు. ఆ జవాబు ఇప్పుడు పూర్తి చేస్తాను.

1871లో డాక్టర్ కింగ్ మన ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించారు. ఈ గోదావరి లోయలో బొగ్గు పొరలున్న బరాకర్ రాళ్ల వయసు పాతిక కోట్ల ఏళ్లకు పైమాటే. అప్పటి నదులు అడుగున ముతక ఇసుక, దానిపై సన్న ఇసుక, ఆపైన బురద పరిచాయి. చిత్తడి నేలల్లో పెరిగిన చెట్టూచేమా పూడిపోయి బొగ్గయింది. కొన్నిచోట్ల నది దారి మార్చుకుని ఆ పొరనే కోసేసి ఇసుకతో నింపింది. అక్కడ బొగ్గు ఉన్నట్టుండి మాయమవుతుంది. గని పైకప్పు స్వభావం మారుతుంది, ఇసుకరాయిలోంచి నీరు రావచ్చు. షిఫ్టు దిగి నాన్న ఇంటికొచ్చేదాకా గుమ్మంలో కూర్చున్న పిల్లలం మనం. ఆ నది జాడ ముందే తెలియడం ఎందుకు ముఖ్యమో మీకు చెప్పనక్కర్లేదు.

బోరు వేసి రాతి కడ్డీలు బయటికి తీస్తే ఏ పొర ఏదో కంటితో చూడవచ్చు. అన్ని బోర్లలో అలా తీయాలంటే ఖర్చు ఎక్కువ. అందుకే రంధ్రంలోకి పరికరాలు దించుతాం. బంకమట్టిలో పొటాషియం, థోరియం ఎక్కువ కాబట్టి గామా కిరణాలు ఎక్కువ వస్తాయి. శుభ్రమైన ఇసుకలో తక్కువ. బొగ్గు తేలిక కనుక సాంద్రత కొలతలో ఇట్టే దొరుకుతుంది. కడ్డీలున్న బోర్లలోని కొలతలు, జవాబులు కంప్యూటర్‌కు చూపించి, కడ్డీలు లేనిచోట జవాబు చెప్పమంటాం. మెషిన్ లెర్నింగ్‌తో మేం చేసే పని ఇదే.

మొదటిసారి దాదాపు అన్నీ సరైన జవాబులే వచ్చాయి. పొంగిపోయాను. తర్వాత ఎన్నడూ చూపించని బోరు ఒకటి ఇస్తే తడబడింది. తప్పు నాదే. ఒకే బోరులోని కొలతల్లో కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షకు కలగలిపి తీసుకున్నాను. జానెడు కింద ఉన్న రాయి పైరాయిలాగే ఉంటుంది కదా! యంత్రం పాఠం నేర్వలేదు, బట్టీ పట్టింది.

ఆ కొత్త బోరు కడ్డీల పెట్టె తెరిచాం. యంత్రం బంకమట్టి అన్నచోట ఇసుకరాయి ఉంది. అందులో ఫెల్‌స్పార్ ఎక్కువ. దానిలోనూ పొటాషియం ఉంటుంది. గామా కొలతను ఒక్కదాన్నే నమ్మితే ఇలాగే మోసపోతాం. అప్పటినుంచి న్యూట్రాన్, సాంద్రత కొలతలు కూడా కలిపి చూస్తున్నాం. ఒక బోరును మొత్తంగా పక్కనపెట్టి దానిమీదే పరీక్షిస్తున్నాం. అనుమానమున్న చోట పెట్టె తెరిచి రాయిని చేత్తో పట్టుకుంటున్నాం.

సార్, పరీక్షలో మీరు ఎప్పుడూ పుస్తకంలోని లెక్క ఇవ్వలేదు. అంకెలు మార్చి ఇచ్చేవారు. అప్పుడు మిమ్మల్ని తిట్టుకున్నాం. ఇప్పుడు నేనూ యంత్రానికి అంకెలు మార్చే ఇస్తున్నాను.

సెలవు.