దొరలు రాసిన తమ్మన్నదొర



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ పెద్దాయన మన ఆటోనగర్‌లో లేత్ మేస్త్రి. ఆయన పోయాక షెడ్డు సర్దుతుంటే మెషీను వెనక రేకు ట్రంకుపెట్టె దొరికిందని వాళ్లబ్బాయి నన్ను పిలిచి చూపించారు. నిండా జాబ్‌వర్కు చీటీలే. తీగకు గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి. పైచీటీ మీద ఒక కొలత, పక్కన పెన్సిలుతో గీసిన బొమ్మ, బొమ్మ మీద గ్రీజు బొటనవేలి ముద్ర. పెట్టె అడుగున పాలిథిన్ కవరులో చుట్టి ఆర్ కార్డు. ఆర్ కార్డంటే ఈ హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. రేపు పుస్తకంలో చదివే బయటివాళ్ల కోసం ఒక్కమాట: విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి 64 ఊళ్లు ఖాళీ అయినప్పుడు, నిర్వాసితులని గుర్తిస్తూ ఆ ఇళ్లవాళ్లకిచ్చిన కార్డు అది. ఆ కార్డు మీద ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చినవాళ్లూ దాచుకున్నారు, రానివాళ్లూ దాచుకున్నారు.

ఆ పెట్టె ముందు కూర్చున్నాకే ఈ ఏడు మాట్లాడే విషయం తేలింది. ఊరు పోయినవాడి కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయి?

ముందు దూరాన ఉన్న ఒక ఉదాహరణ చూద్దాం. అమెరికాలో చెరోకీలని ఒక ఆదివాసీ జాతి. 1828 నుంచి 1866లో చనిపోయేదాకా వాళ్ల పెద్దనాయకుడు జాన్ రాస్. 1830లో అమెరికా ప్రభుత్వం ఆదివాసుల్ని మిసిసిపీ నదికి అవతలికి తరలించే చట్టం చేసింది. 1835లో రాస్‌ను పక్కనపెట్టి, గుప్పెడుమందితో తమ నేల వదులుకునే ఒప్పందం మీద సంతకాలు పెట్టించుకున్నారు. అది చెల్లదంటూ రాస్ పంపిన అర్జీలో పదిహేను వేల పైచిలుకు పేర్లున్నాయి. ఎవరూ వినలేదు. 1838–39లో సుమారు పదహారు వేలమందిని నది అవతలికి బలవంతంగా తరలించారు. నాలుగు వేలమంది దాకా పోయారంటారు, రాస్ భార్య కూడా దారిలోనే పోయింది. ఇంత జరిగినా ఆయన ఉత్తరాలు, అర్జీలు, లెక్కలు నిలిచాయి. చాలాభాగం ఇప్పుడు టుల్సా నగరంలోని గిల్‌క్రీస్ మ్యూజియంలో ఉన్నాయి. 1985లో గ్యారీ మౌల్టన్ వాటిని రెండు పెద్ద సంపుటాలుగా అచ్చువేయించాడు.

రాస్‌ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. ఆయన ధనికుడు, బానిసల్ని ఉంచుకున్నవాడు, రాసిందంతా ఇంగ్లీషులో. కానీ ఆ జాతిలో చదువు ఆయన ఒక్కడితో ఆగలేదు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని సెక్వోయా అనే కంసాలి 1821కల్లా చెరోకీ భాషకు లిపి కట్టాడు. క, కి, కు అని ఒక్కో పలుకుకీ ఒక్కో గుర్తు. ఎనభై అయిదు గుర్తులు వస్తే చాలు, చదువు వచ్చినట్టే. 1828లో ఆ లిపిలో పత్రిక కూడా వచ్చింది.

ఇక మన కొండలకు వద్దాం. 1879 మార్చిలో రంప ప్రాంతంలో బ్రిటిషు సర్కారు మీద మొదలైన తిరుగుబాటు అప్పటి విశాఖ జిల్లాలోని గొలుగొండ కొండలకూ, భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. నాయకుల్లో కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్‌రెడ్డి ముఖ్యులు. జీలుగు కల్లు కొండవాడికి వేసవిలో తిండి. ఆ కల్లు మీద పన్ను పెంచారు, గీసుకునే హక్కు కంట్రాక్టర్లకు గుత్తకిచ్చారు. దాని గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం రెండో కారణం దగ్గర చూపు ఆగిపోతుంది. పల్లం నుంచి వచ్చిన వర్తకులు అప్పుపత్రాలు రాయించుకునేవారు. అందులో ఏముందో తెలియక కొండవాడు నిశానీ పెట్టేవాడు. తర్వాత దూరాన ఉన్న కోర్టులో అతను లేకుండానే డిక్రీ. అయిదు రూపాయల డిక్రీకి వంద రూపాయల సరుకు, పశువులు తోలుకుపోయిన ఉదంతం ప్రభుత్వ వృత్తాంతాల్లోనే ఉంది. బతకలేకపోతున్నాం, పోలీసుల్ని చంపి చద్దాం అని కొండవాళ్లు అనుకున్నారనీ ఆ ఇంగ్లీషు దొరలే రాశారు. కొండకు ఎక్కిన కాగితం ఆయుధంగా ఎక్కింది. వాళ్లు పోలీసు ఠాణాల మీద పడ్డారంటే ఆశ్చర్యమేముంది?

1880 ఫిబ్రవరిలో చంద్రయ్య, జూన్‌లో తమ్మన్నదొర హతమయ్యారు. తమ్మన్నదొర రాసిన కాగితం ఒక్కటీ నేను చూడలేదు. ఆయన గురించి రాసినవి మాత్రం కట్టలకు కట్టలు. చెన్నై ఎగ్మూరు రికార్డాఫీసులో మద్రాసు ప్రభుత్వపు జుడీషియల్, రెవెన్యూ కాగితాల మధ్య కూర్చున్నప్పుడు నాకు మొదట కొట్టొచ్చినట్టు కనిపించిన మాట ఫితూరీ. అరబ్బీ, పార్సీల మీదుగా వచ్చిన మాట, తిరుగుబాటుకు సర్కారు పెట్టిన పేరు. మన నోట్లో పడి పితూరీ అయింది. ఇప్పుడు పితూరీలు చెప్పడమంటే ఒకరి మీద ఇంకొకరికి చాడీలు చెప్పడం. ఆ కట్టలకు రెండర్థాలూ సరిపోతాయి. తిరుగుబాటు గురించి, తిరగబడ్డవాళ్ల మీద, పై అధికారికి చెప్పిన చాడీలు.

ఆ కొండల్లోని కొండరెడ్డి జాతివాడు మాట్లాడేది తెలుగే. అయినా అతని వాంగ్మూలం గుమాస్తా రాతలో ఒక వంకర తిరిగి, ఇంగ్లీషులో ఇంకో వంకర తిరిగి మనకు చేరుతుంది. ‘డకాయిటు’, అంటే బందిపోటు, అని రాసినచోట అసలు ఏ తెలుగు మాట పలికాడో ఊహించుకోవాల్సిందే.

అయితే ఆ కాగితాలు అబద్ధాలని తోసెయ్యలేం. దొరల భయం వాళ్ల లెక్కల్లోనే దొరుకుతుంది. ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లు, ఒక గుర్రపు దళం, రెండు కంపెనీల సాపర్లు, పైగా హైదరాబాదు కంటింజెంటు సైన్యం, వందలమంది పోలీసులు. అక్షరం ముక్క రానివాళ్ల మీదకి ఇంత బలగం! తర్వాత రంపను ఏలుతున్న మన్సబుదారును తొలగించి, అతని కింద కొన్నేసి ఊళ్లకు పెద్దలైన ముఠాదార్లకే సనదులు, అంటే హక్కుపత్రాలు, ఇచ్చారు. అలా కొండ మనిషి ఇంట్లో భద్రంగా చేరిన కాగితం కూడా సర్కారు ఇచ్చిందే.

ఆ తర్వాత కొంతకాలానికి, పర్లాకిమిడిలో బడిపంతులు గిడుగు రామమూర్తి సవరలనే ఆదివాసుల భాష నేర్చుకుని, దాన్ని తెలుగు లిపిలో పెట్టి, వాళ్ల భాషలోనే వాళ్లకు చదువు చెప్పించాడు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన యుద్ధం మనకు కంఠతా వచ్చు. సవర పని మాత్రం వర్ధంతి సభల్లో ఒక్క వాక్యంతో తేల్చేస్తాం. నాకైతే అదే ఆయన పెద్ద పని.

మళ్లీ తిరుగుబాటు కాగితాలకు వస్తే, 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద పడ్డ సీతారామరాజు, ఏమేం పట్టుకెళుతున్నాడో రాసిచ్చి మరీ వెళ్లాడని చెబుతారు. దాన్ని సాహసమని పొగుడుతాం. నాకది రశీదులా కనిపిస్తుంది. డిక్రీ కాగితంతో దోచినవాళ్లకు, నలభై ఏళ్ల తర్వాత అవే కొండల్లోంచి ఒక లెక్క కాగితం.

మళ్లీ మన పెట్టె దగ్గరికి. ఆ ఆర్ కార్డును లామినేషన్ చేయిద్దామని అబ్బాయి అడిగారు. వద్దన్నాను. ఆ వేడికీ జిగురుకీ పాత కాగితం చెడుతుంది, మళ్లీ ఊడదీయలేం. చీటీలకున్న తుప్పుతీగ మెల్లగా తీసేసి, అదే వరసలో నూలుబట్టలో చుట్టి, ఏది ఎవరిదో విడి కాగితం మీద రాసి పెట్టమన్నాను. మీ ఇళ్లలో ఉన్నవాటికీ ఇదే చేయండి.

పైచీటీ మీది పెన్సిలు బొమ్మ ఏ యంత్రపు భాగమో ఎవరూ చెప్పలేకపోయారు. పెట్టె నా కుర్చీ పక్కనే ఉంది. పాత మేస్త్రీలెవరైనా సభ అయ్యాక ఒకసారి చూసి చెప్పండి, పేరు రాసుకుంటాం.