యౌవనమున వార్ధకచ్ఛాయలు
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యను గూర్చియు, సహకార సంఘములను గూర్చియు, పడవల అప్పులను గూర్చియు పెద్దలు ప్రసంగించిన ఈ వేదికమీద ముఖచర్మమును గూర్చి మాటాడుట కొందరికి వింతగా తోచవచ్చును. ముఖసౌందర్యము తీరుబడి గలవారి విచారమనియు, కడలిని నమ్ముకొని బ్రదుకు మనకు దానితో పని లేదనియు అనువారు కలరు. కాని మన యింటింట జరుగుచున్న సంగతి వేరు. పెండ్లిచూపులకు రెండు మూడు నెలలు ముందుగా ఆడపిల్ల చేతికి తెల్లదనపు లేపనపు గొట్టమొకటి వచ్చుచున్నది. పెండ్లికొడుకు కానున్న కుర్రవాడును దానిని చాటుగా పూసికొనుచున్నాడు. పెండ్లియై నాలుగేండ్లు గడవకమునుపే ఆ ముఖముపై మంగు, ఎర్రని నరములు, సన్నని గీతలు పొడసూపుచున్నవి. ముప్పది నిండని వారికి నలుబది దాటిన వారి ముఖము వచ్చుచున్నది. కావున ఈ విషయము సౌందర్యమునకు మాత్రమే గాక ఆరోగ్యమునకును, ధనమునకును, మన ఆత్మగౌరవమునకును సంబంధించినది.

ముదిమి వచ్చుట ప్రకృతి. దానిని ఎవ్వరును ఆపజాలరు. ఆపవలసిన పనియు లేదు. కష్టించి సంసారమును ఈడ్చిన తాత ముఖముమీది ముడుతలు మనకు పూజ్యములు. మేము చెప్పదలచినది అకాలమున వచ్చు ముదిమిని గూర్చి. చర్మములో కొల్లాజెన్ అను దృఢమైన నారలును, ఎలాస్టిన్ అను సాగు నారలును కలవు. ఇవియే చర్మమునకు బిగువు నిచ్చునవి. యౌవనము మొదలుకొనియే మొదటి రకపు నారలు ఏడాదికి సుమారు నూటికొకవంతు చొప్పున తగ్గుచు వచ్చును. ఇది సహజవ్యయము. దీనికి తోడు మన చేజేతుల చేసికొను దుర్వ్యయము మరియొకటి కలదు. అందు ప్రధానమైనది ఎండ.

సూర్యకిరణములలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. వానిలో మనవరకు చేరునవి రెండు తరగతులు. బి తరగతి కిరణములు చర్మమును కమిలించును. నడిమధ్యాహ్నము వాని తీవ్రత హెచ్చు. ఏ తరగతి కిరణములు కమిలింపకయే లోతునకు దిగి, ఆ నారలను త్రెంచు పదార్థములను పుట్టించును. ఇవి ఉదయము మొదలు సాయంకాలము వరకు ఉండును. కిటికీ అద్దము గుండ కూడ ప్రవేశించును. అమెరికా దేశమున 28 సంవత్సరములు సరుకుల బండి తోలిన 69 ఏండ్ల వాని ఛాయాచిత్రము 2012లో అచ్చటి వైద్యపత్రికలో ప్రకటింపబడినది. అద్దపువైపున నుండిన యెడమచెంప లోతైన ముడుతలతో వ్రేలాడుచుండగా, కుడిచెంప దానికంటె ఎంతో చిన్నవయసు వాని చెంపవలె నున్నది. మనిషి యొక్కడే, వయస్సు ఒక్కటే, రక్తమొక్కటే, భేదము ఎండది. చేపల బండ్లను, మంచు లారీలను తోలు మన యువకులు కుడిప్రక్క కూర్చుందురు గాన, వారు తమ కుడిచెంపను, కుడిచేతిని గమనింతురు గాక.

ఇక మన రేవుల సంగతి. పైనుండి పడు ఎండ చాలదన్నట్లు ఎండిన యిసుక ఆ కిరణములలో నూటికి 15 పాళ్లను, సముద్రపు నురుగు నూటికి 25 పాళ్లను తిరిగి మన ముఖముమీదికే కొట్టును. పలుచని మబ్బు పట్టిన దినమున కూడ అధికభాగము క్రిందికి దిగును. అరమీటరు లోతు నీటిలో మునిగియున్న వానిని సయితము నూటికి 40 పాళ్లు చేరునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు వేట నిషేధము గదా! ఆ దినములలో మనవారు కడలిపైకి పోకున్నను, ఇసుకమీద కూర్చుండి వలలు కుట్టుకొనుచు, పడవలకు మరమ్మతులు చేసికొనుచు, సంవత్సరమునందలి మిక్కిలి తీవ్రమైన ఎండను భరింతురు. వైశాఖ జ్యేష్ఠముల పెండ్లి ముహూర్తములును ఆ దినములలోనే వచ్చును. ఎండయు, లేపనమును ఒకేసారి ముఖముమీద పడు కాలమది.

ఇచ్చట మన మేనిచాయను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. నలుపును మనము లోపముగా నెంచుచున్నాము. శాస్త్రము చెప్పునది దీనికి విరుద్ధము. చర్మమునకు నలుపు నిచ్చు మెలనిన్ అను పదార్థము ఎండకు అడ్డుపడు కవచము. నల్లజాతివారి పైచర్మము బి తరగతి కిరణములకు సుమారు 13 రెట్ల రక్షణ నిచ్చుచుండగా, తెల్లవారి పైచర్మము 3 రెట్లకు కొంచెము మించి మాత్రమే ఇచ్చుచున్నదని 1979లో ప్రకటితమైన పరిశోధన వలన తేలినది. మన చాయలు ఈ రెంటి నడుమ నుండునవి. తెల్లవారికి యౌవనము దాటకమునుపే ముడుతలు వచ్చుచుండగా మనకు అవి ఆలస్యముగా వచ్చుటకు కారణమిదియే. అయితే మనకు ముందుగా వచ్చు గుర్తులు వేరు: చెంపలమీద మంగు, రంగు సమముగా లేకుండుట, మచ్చలు, మొటిమ మానినచోట నిలిచిపోవు నలుపు. కావున మన శత్రువు నలుపు కాదు. ఆ కవచమును గీకి పారవేయుటయే మనకు మనము చేసికొను శత్రుత్వము.

ఆ గీకుడు ఎట్లు జరుగుచున్నదో వినుడు. 1975లో మన దేశమున అమ్మకమునకు వచ్చి ఇంటింటికి ప్రాకిన ముఖలేపన మొకటి 2020లో తన పేరులోని తెలుపును సూచించు మాటను తొలగించుకొన్నది. పేరు మారినను ప్రజల కోరిక మారలేదు. ఆ కోరికను ఆశ్రయించి అంతకంటె ప్రమాదకరమైనవి బయలుదేరినవి. మందుల దుకాణములలో తెల్లదనమునకని అమ్ము గొట్టములలో పెక్కింట బెటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ వంటి స్టిరాయిడ్లు కలవు. ఇవి తామర కాని గజ్జి కాని నయము చేయునవి కావు. వైద్యుడు కొన్ని రోగములకు కొలది దినములు వాడించు బలమైన మందులు. ముఖమునకు పూసిన రెండు మూడు వారములలో నునుపును తెలుపును కనబడును. పిమ్మట చర్మము పలుచబడును. సన్నని ఎర్రనరములు పైకి తేలును. మొటిమలును, ఆడపిల్లల చెంపలపై నూగువెండ్రుకలును వచ్చును. మానివేసిన మంట, ఎరుపు పుట్టును గాన మరల పూయక తప్పదు. 2011లో ప్రకటితమైన పరిశీలనయందు మన దేశములోని 12 వైద్యకేంద్రములలో ముఖచర్మ వ్యాధులతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ముఖమునకు స్టిరాయిడు పూసికొనుచున్న వారే. వారిలో సగమునకు మించినవారు వైద్యుడు కానివారి మాటపై మొదలిడిరి.

2018లో కేంద్రప్రభుత్వము ఇట్టి లేపనములు వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని కట్టుదిట్టము చేసినది. కాని చట్టము దుకాణము ముందర కావలి కాయదు, కొనువాడు అడుగవలయును. ఇవి గాక, హైడ్రోక్వినోన్ అను మందును వైద్యుని పర్యవేక్షణ లేక ఏండ్ల తరబడి పూసినయెడల తెలుపు రాకపోగా నీలినలుపు రంగు లోపల స్థిరపడవచ్చును. పేరు లేని, తయారైన తావు తెలియని కొన్ని లేపనములలో పాదరసముండును. అది చర్మము గుండ లోనికింకి మూత్రపిండములను చెరచును. 2023లో కేరళమునందలి మలప్పురమున ఇట్టి లేపనములు వాడినవారికి మూత్రపిండముల వ్యాధి కలిగినట్లు వైద్యులు వెల్లడించిరి. ఇదివరకే స్టిరాయిడు పూయుచున్నవారు ఈ మాట విని రేపే మానివేసిన ముఖము భగ్గుమనును. చర్మవైద్యుని చూచి, ఆయన చెప్పిన క్రమమున మానుట మేలు.

ఇంటి వైద్యములలోను మంచిచెడ్డలు కలవు. సున్నిపిండి, నూనె అంటు, తలస్నానము మన పెద్దలిచ్చిన చక్కని ఆచారములు. నూనె చర్మమును ఎండిపోనీయదు. ఉప్పుగాలిలో తిరుగువారికి ఇది మేలే. కాని ఇవి ఎండను ఆపవు. నిమ్మకాయ చెక్కతో ముఖము రుద్దుకొని ఎండలోనికి పోవుట మాత్రము మిక్కిలి హానికరము. నిమ్మరసములోని పదార్థములు ఎండతో కలిసి చర్మమును బొబ్బలెక్కించి నెలల తరబడి నల్లమచ్చలను నిలుపును. తెలుపునకై చేసిన పని నలుపునకే దారితీయును. చుట్ట, బీడి, సిగరెట్టు పొగయు ముడుతలను త్వరపెట్టుననుట బహుపరిశోధనలచే స్థిరపడినది. ఉత్తర తీరమున మన స్త్రీలలో కొందరికి అడ్డపొగ అలవాటు కలదు. అది అంగిటి పుండునకును కారణమగుచున్నది గాన, ముఖముకొరకు గాకున్నను ప్రాణముకొరకైన విడువవలయును.

ఇక నివారణోపాయములు. మొదటిది నీడ. గడియారము లేనివారికి సయితము చక్కని కొలత యొకటి కలదు: మన నీడ మన పొడవుకంటె పొట్టిగా నున్నంతసేపు ఎండ తీవ్రమైనదని యెరుగవలయును. చేతనైనంతవరకు ఆ వేళ పనిని పందిరి క్రిందికి మార్చుకొనవలెను. రెండవది బట్ట. చేతులు కప్పు చొక్కా, చెవులును మెడయు కప్పు తలగుడ్డ, మూడంగుళముల అంచు గల టోపీ అన్నిటికంటె చవుకయైన మందులు. నేత దట్టముగా నున్న బట్ట మంచిది. పలుచని తెల్లనూలుబట్ట, అందును తడిసినది, తక్కువ రక్షణ నిచ్చును. మన తాతలు వాడిన తాటాకు టోపీని మొరటుదని నవ్వి పారవేసితిమి. దాని అంచు క్రింద ముఖమునకు దొరకు నీడ ఏ గొట్టములోను దొరకదు.

మూడవది ఎండనాపు లేపనము, అనగా సన్ స్క్రీన్. దీనిని తెల్లదనపు లేపనముగా భ్రమింపరాదు; ఇది రంగు మార్చునది కాదు, ఉన్నదానిని కాపాడునది. పెట్టెమీద ఎస్.పి.ఎఫ్. 30 గాని అంతకు హెచ్చు గాని ఉండి, ఏ తరగతి కిరణములను కూడ ఆపునని వ్రాసియుండవలయును. ముఖమునకును మెడకును కలిపి రెండువ్రేళ్ల పొడవున పిండినంత కావలయును. బొట్టంత పూసి ఫలము లేదనుట తగదు. చెమటయు నీరును తగులు పనిలో రెండు గంటల కొకసారి మరల పూయవలెను. మంగు ఉన్నవారికి కంటికి కనబడు వెలుగు కూడ చెరుపు చేయును గాన, ఇనుప ఆక్సైడు చేర్చిన రంగులేపనము మేలు. ఆస్ట్రేలియాలోని నాంబూర్‌నందు 55 ఏండ్ల లోపు వారు 903 మందిని నాలుగున్నర యేండ్లు పరిశీలించి, నిత్యము లేపనము పూసికొన్నవారి చర్మము ఇష్టమువచ్చినప్పుడు పూసికొన్నవారి చర్మముకంటె 24 శాతము తక్కువగా ముదిరినదని 2013లో ప్రకటించిరి. అచ్చటివారు పెక్కురు తెల్లని మేనివారు గాన ఆ లెక్క మనకు యథాతథముగా అన్వయింపదు. ఎండనాపిన చర్మము నిలుచుననుట మాత్రము మనకును వర్తించును.

నాలుగవది, వచ్చిన గుర్తులకు వైద్యము. ట్రెటినాయిన్ అను మందు చిరకాలముగా పరీక్షింపబడి, సన్నగీతలను కొంతవరకు తగ్గించునని తేలినది. అయితే దానిని రాత్రులందే, వైద్యుని మాటపైనే వాడవలయును. గర్భవతులును, గర్భము ధరింప గోరువారును దానిని వాడరాదు. కొత్త పెండ్లికూతుళ్లు దీనిని ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను.

పోషకవర్యులారా! మా తుదివిన్నపము తమకు. యువతకు హితవు చెప్పుట సులభము. నీడ లేనిచోట నీడను వెదకుమనుట అన్యాయము. ఎండుచేపలు ఆరబెట్టు మన అక్కచెల్లెండ్రు పగలంతయు ఇసుకతిన్నెలమీదనే యుందురు. చేపలకు ఎండ కావలయును గాని, వానికి కావలి యుండు మనిషికి అక్కరలేదు. ప్రతి రేవునను, ప్రతి ఎండుచేపల కళ్లమునను ఒక తాటాకు పందిరి వేయించుటకు మన సభ ఒక నిధిని ఏర్పరచినయెడల అది సత్రము కట్టించినంత పుణ్యము. వల కుట్టువానికి, గంప దించిన అమ్మకును అదియే ఆశ్రయము.

పెద్దలకు ఇంకొక మాట. సంబంధములు మాటాడునప్పుడు "పిల్ల చాయ ఎట్లుండును?" అని అడుగుట మానుడు. ఆ ప్రశ్న అడుగబడినంతకాలము గొట్టము కొనబడుచునే యుండును. ఈ సంవత్సరము మన కులమున ఆ ప్రశ్న అడుగరాదని ఈ మహాసభ తీర్మానించినయెడల, ఏ వైద్యుడును చేయలేని మేలు మన బిడ్డల ముఖములకు చేసినవార మగుదుము. కన్నతల్లి యిచ్చిన రంగు కవచము. దానిని కాపాడుకొన్నవాని యౌవనము చాలకాలము నిలుచును.