చౌడు నేలలో కొన్ని నెలలు

వ్యవసాయ కళాశాల విద్యార్థులు నాలుగవ సంవత్సరమున కొన్ని నెలలు పల్లెలో నివసించి, రైతుల వెంట తిరిగి పని నేర్చుకొనవలెనను నియమము కలదు. దానికి గ్రామీణ వ్యవసాయ కృషి అనుభవ కార్యక్రమమని పేరు. అంత పొడుగు పేరును మేమున్న ఊరిలో ఎవ్వరును పలుకలేదు. మమ్ము ‘కాలేజీ పిల్లలు’ అని పిలిచిరి.

ఆ ఊరు నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలమున, మైపాడు తీరమునకు చేరువగా నున్నది. పడమట పెన్నానది కాలువల క్రింద వరి మళ్ళు. తూర్పున ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, రొయ్యల గుంటలు. ఈ రెంటి నడుమ నున్నవి కాలువ చివరి భూములు. మేము నేర్చుకొన్నది ఎక్కువగా అక్కడనే.

జూలైలో ఎడగారు పైరు పొలముననుండగా, ఒక పెద్దరైతు మమ్ము తన మడికి తీసికొనిపోయెను. పైరు అక్కడక్కడ ఆకుల కొసలు మాడి, గిడసబారియున్నది. చౌడు అని తెలియుచునే యున్నది. వెంటనే జిప్సము వేయుమని చెప్పితిమి. ఆయన మా మాట నమ్మి బస్తాలు కొని తెచ్చెను.

మట్టిని పరీక్షకు పంపినది ఆ తరువాత! మడిలో పదిచోట్ల ‘వి’ ఆకారముగా జానెడు లోతు గుంటలు త్రవ్వి, అంచులనుండి మట్టి గీకి, కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను తీసివేయుచు అరకిలో మిగిల్చితిమి. గట్టు ప్రక్కను, చెట్టు నీడను, ఎరువు కుప్ప పోసిన చోటను మట్టి తీయరాదు. ఇదంతయు సక్రమముగానే చేసితిమి. కాని చేయవలసిన వేళకు చేయలేదు.

ఫలితము వచ్చినది. లవణముల కొలత 4 దాటియున్నది. ఉదజని సూచిక 8.5 లోపుననే యున్నది. అనగా అది పాలచౌడు. జిప్సము పనిచేయునది కారుచౌడు నేలలో. పాలచౌడునకు మడిని చిన్న చిన్న మళ్ళుగా విభజించి, మంచినీరు నిలువగట్టి, ఉప్పు కరిగిన నీటిని మురుగు కాలువలోనికి వదలవలెను. ఈ భేదము మా పాఠ్యపుస్తకములలో నున్నదే. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నదే.

వెళ్ళి తప్పు ఒప్పుకొంటిమి. ఆయన కోపింపలేదు. “తెల్లారి చూస్తే మడి మీద ఉప్పు తెల్లగా పేరుకోనుంటది. నాకు తెలుసు. మీరేదో కొత్త మందు చెప్తన్నారనుకున్నా,” అనెను. తరువాత అడిగిన ప్రశ్నకు మావద్ద సమాధానము లేకపోయెను: “కడగమంటున్నారే నాయనా, చివరి మళ్ళకి ఆ నీళ్ళెక్కడివి?”

వారమునకు రెండు దినములు ఊరి ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతి పిల్లలకు పాఠము చెప్పుట కూడ మా పనియే. మొదట నల్లబల్లమీద బొమ్మలు వేసి చెప్పితిమి. వారు మర్యాదగా ఆవులించిరి. పిమ్మట ఇంటినుండి తలకొక గుప్పెడు విత్తనపు వడ్లు తెమ్మంటిమి. నూరు గింజలు లెక్కించి, తడి గోనెగుడ్డలో వరుసగా పేర్చి చుట్టి, వారము తరువాత విప్పి మొలకలు లెక్కపెట్టవలెను. వరి విత్తనమునకు నూటికి 80 మొలకలు కనీస ప్రమాణము. ఒక బాలిక తెచ్చిన వడ్లలో 58 మాత్రమే మొలచినవి.

మరునాడు ఆమె తండ్రి వచ్చెను. నిరుటి కోతలనాడు వానకు తడిసిన ధాన్యమును విత్తనమునకు వాడవద్దని మేము పలుమారులు చెప్పినను వినని మనిషి ఆయన. ఈసారి గింజలు తానే ఏరియిచ్చి మరల లెక్కింపుమనెను. 61 వచ్చినవి. బిడ్డ లెక్కను కాదనలేక, నారు పోయుటకు రైతు సేవా కేంద్రమునుండి నెల్లూరు మసూరి, అనగా ఎన్.ఎల్.ఆర్. 34449, తెచ్చుకొనెను. మా ఉపన్యాసములకు లొంగనివాడు కూతురి గోనెగుడ్డకు లొంగెనని మేము నవ్వుకొంటిమి. కొంచెము సిగ్గుపడితిమి కూడ.

అక్టోబరులో కాలువ నీరు చివరి మళ్ళకు రెండు దినములు వచ్చెను. పెద్దరైతు ఆ నీటితో ఒక్క మడిని కడిగెను. మిగిలినవాటికి నీరు చాలలేదు. నీరు వచ్చినపుడు కడిగి జీలుగ చల్లి దున్నెదననెను. జిప్సము బస్తాలు వసారాలో అట్లే యున్నవి. కారుచౌడు గల పొరుగు రైతునకు ఇచ్చుటకు మాట్లాడుచుండెను.

మేము బయలుదేరు దినమున ఎనిమిదవ తరగతి పిల్లలు నలుగురు ఆయన మిగిలిన మళ్ళలో మట్టి తీయుచుండిరి. గట్టు ప్రక్కను త్రవ్వబోయిన ఒకనిని ఆ బాలిక గదమాయించినది. ప్రతి సంచిలోను రైతు పేరు, సర్వే సంఖ్య, తేదీ వ్రాసిన చీటీ ఉంచిరి. ఆ సంచులను నెల్లూరు బస్సులో మేమే తీసికొనిపోతిమి.